గంట మోగిన తర్వాతి ఏళ్ల గురించి కూడా రాయండి

సంపాదకులకు నమస్కారం.

పిల్లల క్యాన్సర్ గురించి పత్రికల్లో వచ్చే వార్త దాదాపు ఎప్పుడూ ఒకే చోట ఆగిపోతుంది. ఆఖరి కీమో అయిపోయింది, వార్డులో గంట మోగించారు, నర్సులు చప్పట్లు కొట్టారు, గుండు మీద టోపీ పెట్టుకున్న పిల్లవాడు నవ్వుతున్నాడు. పైన శీర్షిక: ‘మహమ్మారిని జయించిన చిన్నారి’. ఆ ఫొటో చూస్తే మాకూ కళ్లు చెమరుస్తాయి. కానీ ఆ పిల్లవాడికి పదిహేనేళ్లు, పంతొమ్మిదేళ్లు, ఇరవై నాలుగేళ్లు వచ్చాక జీవితాన్ని ఎలా చూస్తున్నాడో ఎవరూ రాయరు. పిల్లల క్యాన్సర్ చికిత్సలో, ఆ తర్వాతి పర్యవేక్షణలో పనిచేసేవాళ్లం కనుక ఆ మిగతా కథ గురించి ఈ ఉత్తరం రాస్తున్నాం. కాస్త పొడవైంది, మన్నించాలి.

ముందు ఒక్క సంగతి. 1948లో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్, అమినోప్టెరిన్ అనే మందుతో పిల్లల రక్త క్యాన్సర్‌ను కొంతకాలమైనా తగ్గించవచ్చని చూపించేవరకు, ఆ జబ్బు వచ్చిన పిల్లలు నెలల్లోనే పోయేవారు. ఇప్పుడు ఏటా ప్రపంచంలో సుమారు 4 లక్షల మంది పిల్లలకు, కౌమార వయసు వాళ్లకు క్యాన్సర్ వస్తోందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. చికిత్స పూర్తిగా అందే సంపన్న దేశాల్లో నూటికి 80 మందికి పైగా బతుకుతున్నారు. చాలా పేద, మధ్యాదాయ దేశాల్లో ఆ సంఖ్య ఇప్పటికీ 30 కన్నా తక్కువ. 2030 నాటికి అన్ని చోట్లా కనీసం 60 మందిని బతికించాలని ఆ సంస్థ 2018లో లక్ష్యం పెట్టుకుంది. అంటే చిన్నప్పుడు క్యాన్సర్ వచ్చి పెద్దవాళ్లయిన మనుషులు ఇంత మంది ఉండటం మానవ చరిత్రలో ఇదే మొదటిసారి. వాళ్లతో ఎలా మాట్లాడాలో ఇంట్లోవాళ్లకే కాదు, చాలామంది డాక్టర్లకు కూడా అలవాటు లేదు.

మా పనిలో మళ్లీ మళ్లీ కళ్లబడేది ఇది. బతికి బయటపడ్డ పిల్లల చూపు ఎలా తయారవుతుందన్నది జబ్బు ఎంత తీవ్రంగా వచ్చిందన్నదాని కంటే, దాని గురించి వాళ్లకు ఎంత చెప్పారు, ఎంత దాచారు అన్నదాని మీదే ఎక్కువ ఆధారపడి ఉంటుంది. తన ఒంట్లోకి ఏమేం ఎక్కించారో తెలిసిన కుర్రాడి భయానికి ఒక హద్దు ఉంటుంది. తెలియనివాడి భయానికి హద్దు ఉండదు.

మూడేళ్లప్పుడు జబ్బు పడ్డ పిల్లకు చికిత్స గుర్తుండదు. ఒంటికి మాత్రం గుర్తుంటుంది. చేతికి రబ్బరు పట్టీ బిగించగానే చెమటలు పట్టడం, స్పిరిట్ వాసనకి వాంతి రావడం ఎందుకో ఆ పిల్లకే తెలియదు. పోర్ట్ అని ఒక పరికరం పెడతారు. చొక్కా గుండీ కంటే కాస్త పెద్దది, ఛాతీ పైభాగంలో చర్మం కింద ఉంటుంది. అందులోంచి మందు పెద్ద సిరలోకి పోతుంది. చికిత్స అయ్యాక దాన్ని తీసేస్తే కాలర్ ఎముక కింద రెండు వేళ్ల వెడల్పు గీత మిగులుతుంది. పదమూడేళ్లప్పుడు అద్దం ముందు నిలబడి మెడ కాస్త కిందికున్న చొక్కా వేసుకున్నప్పుడు ఆ గీత ఏమిటని ఆ పిల్ల అడుగుతుంది. ‘చిన్నప్పుడు గడ్డ లేస్తే తీయించాం’ అని చెబితే ఆ రోజుకి గండం గడుస్తుంది. పదిహేడేళ్లప్పుడు పాత ఫైలు చేతికి దొరికో, చుట్టాల నోట విని తెలుసుకునో, అసలు సంగతి బయటపడుతుంది. అప్పుడు ఆ పిల్లకు జబ్బు గురించి వచ్చే దిగులు కంటే, ఇంట్లోవాళ్లు తనకు చెప్పినవాటిలో ఇంకేవి నిజం కావోనన్న అనుమానం పెద్దదవుతుంది. ‘నీకు నయమైపోయింది’ అన్న మాటను కూడా ఆ తర్వాత నమ్మదు.

తొమ్మిదేళ్ల పిల్లల సంగతి వేరు. వాళ్లకు అన్నీ గుర్తే. మందు ఎక్కించే గొట్టాన్ని సెలైన్‌తో కడిగినప్పుడు నోట్లోకి వచ్చే ఉప్పుటి లోహపు రుచి, వెన్నులోకి సూది వేసేటప్పుడు మోకాళ్లు గడ్డానికి ఆనించి పడుకోబెట్టడం, పక్క మంచం ఒక పొద్దున ఖాళీగా కనిపించడం. ఆ మంచం ఎందుకు ఖాళీ అయిందో ఎవరూ చెప్పకపోయినా వాళ్లకు తెలుసు. ఇక పద్నాలుగు, పదిహేనేళ్లప్పుడు జబ్బు వచ్చినవాళ్లు పోగొట్టుకునేది మరొకటి. తల్లి చెయ్యి వదిలి స్నేహితులతో తిరగాల్సిన ఏళ్లలో, తల్లే స్నానం చేయించాల్సి వస్తుంది. చికిత్స అయ్యాక తోటివాళ్లు రెండు తరగతులు ముందుకు వెళ్లిపోయి ఉంటారు. ఒక వైపు తనకంటే చిన్నవాళ్ల మధ్య కూర్చోవాలి, మరో వైపు చావు గురించి తోటివాళ్లెవరికీ తెలియనిది తనకు తెలుసు. ఈ రెండు వయసులు ఒకే ఒంట్లో ఉండటం చాలా అలసట పుట్టిస్తుంది. ‘ఈ పిల్లవాడు మరీ పెద్దమనిషిలా మాట్లాడతాడు’ అని మెచ్చుకునేవాళ్లు ఆ అలసటను కూడా గమనించాలి.

‘ఇంత కష్టం చూశాక జీవితం విలువ తెలిసి ఉంటుంది కదా’ అని అందరూ అడుగుతారు. నిజమే, చాలామందికి తెలుస్తుంది. కష్టం తర్వాత మనిషి ఎదగడం గురించి రిచర్డ్ టెడెస్కీ, లారెన్స్ కాల్‌హూన్ అనే ఇద్దరు మనస్తత్వవేత్తలు 1996లో 21 వాక్యాల ప్రశ్నావళి ఒకటి తయారుచేశారు. మనుషులతో దగ్గరితనం, కొత్త దారులు కనిపించడం, నా వల్ల అవుతుందన్న ధైర్యం, ఆధ్యాత్మిక మార్పు, బతుకు మీద ఇష్టం అన్న ఐదు కోణాల్లో ఆ ఎదుగుదలను అది కొలుస్తుంది. క్యాన్సర్ నుంచి బయటపడ్డ యువతలో ఈ ఎదుగుదల ఉన్నట్టు ఎన్నో అధ్యయనాలు చూపించాయి. అయితే చదివేవాళ్లు తరచూ వదిలేసే సంగతి ఒకటుంది. ఎదుగుదల, భయం ఒకే మనిషిలో కలిసే ఉంటాయి. చిన్న విషయాలకు సంతోషపడే అమ్మాయే, రాత్రి మెడ తడుముకుంటూ గడ్డ ఉందేమోనని వెతుక్కుంటుంది. ఒకటి ఉంటే రెండోది లేదనుకోవడం తప్పు. ‘నీ నుంచి మేం స్ఫూర్తి పొందాలి’ అని వేదికల మీద నిలబెడితే, ఆ పిల్లలు రెండో దాన్ని దాచేయడం నేర్చుకుంటారు. అడిగినవాళ్లకు కావలసిన జవాబు ఇస్తారు, ఇంటికొచ్చి తలుపేసుకుంటారు.

‘జయించాడు’, ‘పోరాడి గెలిచాడు’ అన్న మాటల గురించి కూడా చెప్పాలి. అవి కొందరికి బలాన్నిస్తాయి, కాదనం. కానీ పక్క మంచం మీద అదే మందు, అదే మోతాదు తీసుకుని చనిపోయిన స్నేహితుడు ఏమైనట్టు? వాడు సరిగ్గా పోరాడలేదా? ఈ ప్రశ్న పిల్లలు పైకి అడగరు, లోపల మోస్తారు. ‘వాడికి కాకుండా నాకెందుకు నయమైంది’ అన్న ఆ బరువు ఏళ్ల తరబడి ఉంటుంది. దానికి జవాబు జీవకణాల్లో ఉంది. ఒకే పేరున్న లుకేమియా (రక్త క్యాన్సర్)లో కూడా జన్యు మార్పులు రకరకాలుగా ఉంటాయి, కొన్ని రకాలు మందుకు లొంగుతాయి, కొన్ని లొంగవు. ఈ మాట నెమ్మదిగా, సూటిగా చెబితే పన్నెండేళ్ల పిల్లలకు కూడా అర్థమవుతుంది, భుజాల మీది బరువు కొంత దిగుతుంది.

భయం ఎక్కువగా వైద్య పరీక్షల రోజులకు ముందు వస్తుంది. స్కాన్ ఇంకో వారం ఉందనగానే నిద్ర తగ్గుతుంది, ఇంట్లో చిరాకు పెరుగుతుంది, చదువు సాగదు. నిజానికి స్కాన్ కంటే రిపోర్టు వచ్చేదాకా పట్టే రోజులే ఎక్కువ నరకం. అందుకే పరీక్ష తేదీ ఇచ్చేటప్పుడే ఫలితం ఎవరు, ఏ రోజు, ఎలా చెబుతారో కూడా రాసివ్వమని డాక్టర్‌ను అడగాలి. పెద్ద పరీక్షలు రాసే వారంలో స్కాన్ పడకుండా చూసుకోవాలి, ఒకటి రెండు వారాలు అటూ ఇటూ జరపడానికి వీలుందా అని అడిగితే చాలాసార్లు ఒప్పుకుంటారు. తలనొప్పి వచ్చిన ప్రతిసారీ క్యాన్సర్ తిరిగొచ్చిందేమో అనిపించడం సహజం. దానికి ‘ఏం కాదులే’ అన్నది మందు కాదు. ఏ లక్షణం వస్తే ఆ రోజే ఫోన్ చేయాలి, దేనికి వారం ఆగి చూడొచ్చు అని తన జబ్బును బట్టి డాక్టర్‌తో కూర్చుని ఒక కాగితం మీద రాసుకుంటే, అర్ధరాత్రి ఆ కాగితం ఇచ్చే ధైర్యం ఇంకెవరూ ఇవ్వలేరు.

ఇక అన్నిటికంటే ముఖ్యమైన కాగితం దగ్గరికి వస్తాం. ఏ జబ్బుకు ఏ చికిత్స ఎంత ఇచ్చారో రాసి ఉండే ఆ కాగితాన్ని చికిత్స సారాంశం అంటారు. ఐరోపాలో కొన్ని చోట్ల దీన్ని ఎలక్ట్రానిక్ రూపంలో ‘సర్వైవర్‌షిప్ పాస్‌పోర్ట్’ పేరుతో ఇస్తున్నారు. దాని అవసరం ఎందుకో ఒక్క లెక్కతో చెప్తాం. అమెరికా, కెనడాల్లో 1970 నుంచి 1986 మధ్య చిన్నప్పుడు క్యాన్సర్ వచ్చి కనీసం ఐదేళ్లు బతికినవాళ్లను వాళ్ల అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లతో పోలుస్తూ ఒక పెద్ద అధ్యయనం నడుస్తోంది. అందులో 10,397 మంది మీద 2006లో వచ్చిన ఫలితాల్లో, నూటికి 62 మందికి ఏదో ఒక దీర్ఘకాలిక ఆరోగ్య సమస్య ఉంది, నూటికి 27 మందికి పైగా అది తీవ్రమైనది. ఆ కాలపు చికిత్సలు ఇప్పటికంటే మోటుగా ఉండేవి, తలకు రేడియేషన్ ఎక్కువ ఇచ్చేవారు. ఇప్పుడు చాలా తగ్గించారు. అయినా ఏ మందు ఏ అవయవం మీద పడుతుందన్న సంగతి మారలేదు.

డాక్సోరూబిసిన్, డానోరూబిసిన్ లాంటి ఎర్ర మందులు గుండె కండరాన్ని బలహీనపరచగలవు, అదీ ఒక్కోసారి పది, ఇరవై ఏళ్ల తర్వాత. ఇక్కడ మొత్తం మోతాదే అసలు సంగతి. శరీర ఉపరితలం ఒక చదరపు మీటరుకు 25 మిల్లీగ్రాముల చొప్పున 3 సార్లు ఎక్కితే మొత్తం 75. ఛాతీకి రేడియేషన్ కూడా లేకపోతే ఆ కుర్రాడు గుండె గురించి దిగులుపడుతూ బతకాల్సిన పని దాదాపు లేదు. అదే ఎముక క్యాన్సర్‌కు 75 చొప్పున 6 సార్లు ఇస్తే 450 అవుతుంది. 250 దాటితే ప్రమాదం ఎక్కువ కోవలోకి వస్తారు, వాళ్లకు రెండేళ్లకోసారి ఎకో (గుండెకు చేసే అల్ట్రాసౌండ్) పరీక్ష ఉండాలి. 100 నుంచి 250 మధ్య ఉన్నవాళ్లకు ఐదేళ్లకోసారి. అమ్మాయిలకైతే గర్భం రాకముందు గానీ, వచ్చాక తొలి నెలల్లో గానీ ఒకసారి అదనంగా చేయాలి. 75 ఎక్కినవాడూ, 450 ఎక్కినవాడూ ఇద్దరూ ‘చిన్నప్పుడు కీమో తీసుకున్నాం’ అనే చెబుతారు. 75కీ 450కీ మధ్య ఎంత తేడా ఉందో తెలియకపోతే మొదటివాడు లేని భయంతో ఆటలు మానేస్తాడు, రెండోవాడు ఆయాసాన్ని నిద్రలేమి అనుకుని వదిలేస్తాడు.

సిస్‌ప్లాటిన్ అనే మందు చెవి మీద, మూత్రపిండాల మీద పడుతుంది. ముందు పోయేవి సన్నని, కీచు శబ్దాలు. మాట వినిపిస్తుంది కానీ అందులో ‘స’, ‘ష’, ‘ఫ’ లాంటివి జారిపోతాయి. ‘సరే’ అన్నది ‘అరే’లా వినిపించవచ్చు. టీచరు పిలిస్తే తిరిగి చూస్తాడు కనుక చెవి బాగానే ఉందనుకుంటారు, పాఠం మాత్రం సగమే అందుతుంది. విన్‌క్రిస్టిన్ అనే మందు పాదాలు ఎత్తే నరాల్ని దెబ్బతీస్తే మెట్ల మీద కాలు తట్టుకుంటుంది. మడమల మీద నడవమంటే నడవలేకపోవడం దానికి గుర్తు. పదేళ్లు దాటాక డెక్సామెథసోన్ లాంటి స్టెరాయిడ్లు ఎక్కువ తీసుకున్నవాళ్లలో తుంటి ఎముకకు రక్తం అందక అది చితికిపోయే అవకాశం ఉంది. మోకాలి నొప్పి అని వచ్చినా అసలు చోటు తుంటి కావచ్చు. మెడకు రేడియేషన్ ఇచ్చినవాళ్లకు ఏటా థైరాయిడ్ పరీక్ష కావాలి. ఛాతీకి 10 గ్రేలు (గ్రే అంటే రేడియేషన్ మోతాదు కొలత), అంతకు మించి రేడియేషన్ తీసుకున్న అమ్మాయిలకు 25 ఏళ్ల వయసు లేదా రేడియేషన్ అయిన 8 ఏళ్లు, ఏది తర్వాత వస్తే అప్పటి నుంచి ఏటా రొమ్ముకు ఎమ్మారై మొదలుపెట్టాలి. మామూలు మహిళల వయసు లెక్క వాళ్లకు వర్తించదు.

జీవితం మీది చూపుకీ, ఈ రక్త పరీక్షలకీ సంబంధం ఏమిటని అడగొచ్చు. ఉదాహరణకు, మెడకో తలకో రేడియేషన్ తీసుకున్న ఇరవై ఏళ్ల కుర్రాడు దేనిమీదా ఆసక్తి లేకుండా, ఎప్పుడూ అలసటగా, బరువు పెరిగి, మంచం దిగకుండా ఉంటే ఇంట్లో ‘డిప్రెషన్’ అనో ‘బద్ధకం’ అనో అంటారు. థైరాయిడ్ తగ్గినా, తలలోని పిట్యూటరీ గ్రంథి దెబ్బతిని హార్మోన్లు తగ్గినా సరిగ్గా ఇలాగే ఉంటుంది. మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్లడం మంచిదే, తప్పక వెళ్లాలి. అయితే ఆ వారంలోనే థైరాయిడ్ పనితీరు చూపే టీఎస్‌హెచ్, హిమోగ్లోబిన్, అవసరమైన హార్మోన్ పరీక్షలు కూడా చేయించాలి. రోజుకో మాత్ర వేసుకుంటే పోయే అలసటను మోస్తూ ‘నేను ఎందుకూ పనికిరాను’ అని ఏళ్ల తరబడి అనుకునేవాళ్లుంటారు.

చదువు విషయంలోనూ అంతే. తలకు రేడియేషన్ తీసుకున్నవాళ్లకు, వెన్నులోకి మెథోట్రెక్సేట్ అనే మందు తీసుకున్నవాళ్లలో కొందరికి ఎక్కువగా దెబ్బతినేది ఆలోచన వేగం. ధ్యాస నిలవదు, చెప్పిన మూడు పనుల్లో రెండోది జారిపోతుంది. చికిత్స అయిన వెంటనే కనబడకపోవడం ఇందులో మోసం. తరగతులు పెద్దవై లెక్కలు పొడవయ్యేకొద్దీ, రెండు నుంచి ఐదేళ్ల తర్వాత బయటపడుతుంది. అప్పటికి టీచర్లు మారిపోయి ఉంటారు, పాత జబ్బు ఎవరికీ గుర్తుండదు. ‘ముందు బాగా చదివేవాడు, ఇప్పుడు శ్రద్ధ పెట్టట్లేదు’ అంటారు. పిల్లవాడు అదే నమ్ముతాడు. న్యూరోసైకాలజీ పరీక్ష ఒకటి చేయిస్తే ఏ పని కష్టమో, ఏది తేలికో విడివిడిగా తెలుస్తుంది. పరీక్షలో అదనపు సమయం, బోర్డు మీది పాఠం నకలు ఇవ్వడం, ఒకేసారి ఒకే సూచన చెప్పడం, వినికిడి తగ్గితే ముందు వరసలో కూర్చోబెట్టడం, ఇవి పెద్ద ఖర్చుతో కూడినవి కావు.

చికిత్స సారాంశంలో ఏం ఉండాలంటే: జబ్బు పూర్తి పేరు, రకం, దశ, నిర్ధారణ తేదీ; ప్రతి మందు పేరు, దాని మొత్తం మోతాదు; రేడియేషన్ అయితే ఏ భాగానికి, ఏ వైపు, మొత్తం ఎన్ని గ్రేలు, ఎన్ని విడతలు; ఆపరేషన్లు; ఎముక మజ్జ మార్పిడి జరిగితే దాత ఎవరు, ముందు ఏ మందులు ఇచ్చారు; రక్తం ఎక్కించారా; ఐసీయూకి వెళ్లాల్సిన సమస్యలు; చికిత్స ముగిసిన తేదీ. రెండో పేజీలో ఇకపై ఏ పరీక్ష ఎన్నాళ్లకోసారి అన్నది. ఇంతా కలిపి రెండు పేజీలు దాటదు. సాధారణంగా జరిగే తప్పులు నాలుగైదు చూస్తుంటాం. మందుల పేర్లు పొట్టి అక్షరాల్లో ఉంటాయి, పదేళ్ల తర్వాత వేరే డాక్టర్‌కి అర్థం కావు. ఒక్కో విడత మోతాదు రాసి మొత్తం కూడరు. గుండెకు సంబంధించిన మందులన్నిటినీ ఒకే సంఖ్యగా కూడేస్తారు. మైటోజాంట్రోన్ లాంటిది గుండెకు చాలా ఎక్కువ దెబ్బ, దాన్ని డాక్సోరూబిసిన్‌తో సమానంగా లెక్కేయకూడదు. ఆస్పత్రి మధ్యలో మారితే మొదటి చోట ఇచ్చినవి లెక్కలోకి రావు. అన్నిటికంటే పెద్ద తప్పు, ‘తర్వాత తీసుకుందాం’ అనుకోవడం. చాలా ఆస్పత్రులు పాత రికార్డులను కొన్నేళ్లకు మించి దాచవు. ఆఖరి కీమో అయిన మూడు నెలల్లోపే అడిగి తీసుకోవాలి, ఫొటో తీసి రెండు చోట్ల ఉంచాలి. ఏళ్లు గడిచిపోయినవాళ్లు కూడా నిరాశపడనక్కర్లేదు. డిశ్చార్జి కాగితాలు, మందుల చీటీలు, రేడియేషన్ విభాగం రికార్డులు పోగేసి చాలావరకు తిరిగి కట్టవచ్చు.

ఈ కాగితం అమ్మ దగ్గర ఉంటే సరిపోదు. 1964లో మోరిస్ గ్రీన్, ఆల్బర్ట్ సోల్నిట్ అనే వైద్యులు, చావు దాకా వెళ్లి బతికిన పిల్లలను తల్లిదండ్రులు కోలుకున్న తర్వాత కూడా గాజు బొమ్మల్లా చూడటం గురించి రాశారు. అలాంటి పిల్లలు తల్లిదండ్రులను విడిచి ఉండలేరు, ఇంట్లో వాళ్లకు ఎవరూ అడ్డు చెప్పరు, ఒంట్లో ఏ చిన్న నలత వచ్చినా బెంబేలు పడతారు. అరవై ఏళ్లు దాటినా ఆ వర్ణన చెక్కుచెదరలేదు. పర్యవేక్షణ గదిలో రోజూ కనిపించే దృశ్యం ఇది: డాక్టర్ ‘ఎలా ఉన్నావు’ అని పదిహేడేళ్ల కుర్రాణ్ణి అడుగుతారు, జవాబు తల్లి చెబుతుంది, కుర్రాడు ఫోన్ చూసుకుంటూ ఉంటాడు. తల్లిని తప్పు పట్టలేం. ఏళ్ల తరబడి ఆ జవాబులు చెప్పింది ఆమే.

అప్పగింత మెట్టు మెట్టుగా జరగాలి. పదేళ్లకల్లా జబ్బు అసలు పేరు తెలియాలి. పన్నెండు, పదమూడేళ్లకు ఏ మందులు వాడారో, ఎందుకు ఇంకా పరీక్షలకు వస్తున్నామో తెలియాలి. పద్నాలుగేళ్ల నుంచి డాక్టర్‌తో మొదటి పది నిమిషాలు ఒంటరిగా మాట్లాడాలి, తర్వాత పెద్దవాళ్లు లోపలికి వస్తారు. పదహారేళ్లకు తన మాత్రలు, తన అపాయింట్‌మెంట్లు తానే చూసుకోవాలి. పద్దెనిమిదికి సారాంశం తన చేతిలో ఉండాలి, దాన్ని కొత్త డాక్టర్‌కి మూడు వాక్యాల్లో చెప్పగలగాలి: ‘నాకు ఆరేళ్లప్పుడు ఎక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా వచ్చింది. మూడేళ్లు కీమో తీసుకున్నాను, రేడియేషన్ లేదు. చివరి ఎకో ఫలానా ఏడాది చేశారు, బాగానే ఉంది.’ ఈ మూడు వాక్యాలు ఇంట్లో బిగ్గరగా చెప్పించి చూడండి. మొదటిసారి గొంతు వణుకుతుంది, నాలుగోసారికి తమ గురించి తాము మామూలుగా చెప్పుకుంటున్నట్టు ఉంటుంది. పిల్లల ఆస్పత్రి నుంచి పెద్దల డాక్టర్ దగ్గరికి మారే ఏడాదిలోనే ఎక్కువమంది పరీక్షలకు రావడం మానేస్తారు. ఈ తయారీ లేకపోవడం అందుకు ఒక కారణమైతే, బాగున్నప్పుడు ఆస్పత్రి గుమ్మం తొక్కాలనిపించకపోవడం రెండోది. ఆ రెండోదాన్ని కూడా అర్థం చేసుకోవాలి, తిట్టి లాభం లేదు.

భవిష్యత్తును ఊహించడంలో వాళ్లు మనలా ఉండరు. కొందరు ఐదేళ్ల తర్వాతి సంగతే ఎత్తరు, డబ్బు దాచుకోరు, ‘అప్పటికి ఉంటే చూద్దాం’ అంటారు. కొందరు అన్నీ ఇప్పుడే అయిపోవాలని పరుగెడతారు. ఇంకొందరు తల్లిదండ్రుల అప్పు తీర్చడానికే బతుకుతారు. ‘నీ కోసం ఎంత చేశామో తెలుసా’ అన్న మాట ఆ ఇళ్లలో కోపంలో కూడా రాకూడదు. వాళ్లు ఆ లెక్కను ముందే లోపల వేసుకుని ఉంటారు. జబ్బు పడని తోబుట్టువు కూడా ఆ ఏళ్లన్నీ పక్కన నిలబడి ఉన్నాడని మరవొద్దు.

పెళ్లి, పిల్లల సంగతి వచ్చేసరికి నోళ్లు మూతపడతాయి. సైక్లోఫాస్ఫమైడ్, ఐఫాస్ఫమైడ్ లాంటి మందులు మోతాదును బట్టి సంతాన సామర్థ్యాన్ని తగ్గించగలవు. అబ్బాయిలకు వీర్య పరీక్ష ఒక్కటే తేల్చుతుంది. యుక్తవయసు వచ్చినవాళ్లకు చికిత్స మొదలవకముందే వీర్యం భద్రపరచవచ్చని చెప్పకపోవడం పెద్ద లోపం. అమ్మాయిల విషయంలో ‘నెలసరి వస్తోంది కదా’ అని ధీమాగా ఉంటారు. వస్తూనే ఉన్నా అండాల నిల్వ తగ్గి ముప్పైల్లోనే ఆగిపోవచ్చు, అందుకే ఇరవైల మొదట్లోనే అండాల నిల్వను చూపే ఏఎమ్‌హెచ్ లాంటి పరీక్షలతో చూసుకోవాలి. ఏ పరీక్షా చేయకుండా ‘ఇక నీకు పిల్లలు పుట్టరు’ అనేయడం కూడా ఇంతే తప్పు. ‘నా పిల్లలకూ వస్తుందా’ అన్నది అందరి మనసులో ఉండే ప్రశ్న. రెటినోబ్లాస్టోమా అనే కంటి క్యాన్సర్‌లో సుమారు నూటికి 40 మందికి అది వంశపారంపర్యం, వాళ్లకు జన్యు సలహా తప్పనిసరి. చాలా ఇతర క్యాన్సర్లలో అలా ఉండదు. క్యాన్సర్ నుంచి కోలుకున్నవాళ్లకు పుట్టిన పిల్లల్లో పుట్టుకతో వచ్చే లోపాలు మిగతావారికంటే ఎక్కువగా లేవని పెద్ద అధ్యయనాలు చెబుతున్నాయి. జీవిత భాగస్వామి కాబోయే మనిషికి ఈ సంగతులు నిశ్చయానికి ముందే చెప్పాలని మా అభిప్రాయం. నేరం ఒప్పుకున్నట్టు తలవంచుకుని చెప్పాల్సిన పని లేదు. చేతిలో సారాంశం ఉంటే ఇది ఒక ఆరోగ్య సమాచారంలాగే మాట్లాడుకోవచ్చు.

నయమైన తర్వాత కూడా పాత జబ్బు ముద్రగా వెంటాడకూడదని ఒప్పుకున్న దేశాలున్నాయి. ఫ్రాన్స్‌లో 2016లో వచ్చిన చట్టం ప్రకారం చికిత్స ముగిసిన పదేళ్ల తర్వాత, అదే 18 ఏళ్లలోపు జబ్బు వచ్చినవాళ్లయితే ఐదేళ్ల తర్వాత, రుణ బీమా కోసం క్యాన్సర్ సంగతి చెప్పనక్కర్లేదు. 2022లో ఆ గడువును అందరికీ ఐదేళ్లు చేశారు. ఐరోపాలో మరికొన్ని దేశాలు ఆ దారి పట్టాయి.

పత్రికల వంతు ఇక్కడ వస్తుంది. ఏడేళ్ల పిల్లవాడి ఫొటో, పూర్తి పేరు, బడి పేరు, జబ్బు పేరు ఒక్కసారి ఇంటర్నెట్‌లోకి ఎక్కితే అతనికి ఇరవై రెండేళ్లప్పుడు ఉద్యోగం ఇచ్చేవాళ్లు వెతికినా అదే మొదట కనిపిస్తుంది. తన సంగతి ఎవరికి, ఎప్పుడు చెప్పాలో తేల్చుకునే హక్కు అప్పటికి అతనికి మిగలదు. తల్లిదండ్రుల అనుమతితో ఆగకుండా ఆ పిల్లవాణ్ణి కూడా అడగండి, ఆ వయసు పిల్లలు స్పష్టంగానే చెప్పగలరు. పేరు మార్చి వేయండి. పెద్దయ్యాక తీసేయమని కోరడానికి ఒక ఈమెయిల్ చిరునామా ఆ కథనం కిందే ఇవ్వండి. గంట మోగించిన ఫొటో వేసిన రోజున పక్కనే రెండు వాక్యాలకు చోటు దొరికితే ఈ ప్రశ్నలు వేసి చూడండి: చికిత్స సారాంశం చేతికి తీసుకున్నారా? తర్వాతి పరీక్ష ఏ నెలలో?

ఇట్లు,
పిల్లల క్యాన్సర్ చికిత్స, తదుపరి పర్యవేక్షణలో పనిచేస్తున్న కొందరు వైద్యులు, నర్సులు, కౌన్సెలర్లు